తెరచాప విప్పని పడవ, కుట్టు విప్పని పడవ: గోపాలపూర్, రంభ, సోనపూర్

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డునున్న రంభలో మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను. పడవకి తెరచాప ఉంది, చిలికా మీద మంచి గాలి ఉంది. అయినా రెండున్నర గంటల్లో ఒక్కసారి కూడా ఆ తెరచాప విప్పలేదు.

పదహారేళ్లుగా విశాఖలో తెరచాప పడవలకి డ్రాయింగులు వేస్తున్నాను. ఇప్పుడంతా కంప్యూటర్లో గీయడం, ఫైబర్‌లో పోయడం. కానీ నాకు ప్రాణం చెక్క పడవలంటేనే. ఒడిశాలోని గంజాం తీరంలో మన తెలుగు జాలర్ల దగ్గర కుట్టు పడవలు, అంటే మేకుల్లేకుండా పలకల్ని తాడుతో కుట్టినవి, ఇంకా ఒకటీ అరా ఉన్నాయని విని, జనవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టాను. మా ఆవిడ, పదేళ్ల పాప, ఒడియా బాగా మాట్లాడే మా బావమరిది తోడు వచ్చారు.

పొద్దున విశాఖలో రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి బరంపురంలో దిగాం. అక్కడి నుంచి గోపాలపూర్‌కి ఆటో 350. రూము రోజుకి 1,800, శుభ్రంగా ఉంది, చెప్పుకోవడానికి ఫిర్యాదులేమీ లేవు. సాయంత్రం బీచ్‌లో పాతకాలపు రేవు మొండిగోడల దగ్గర మా ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది. వాళ్ల ముత్తాత ఈ రేవులోనే స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లాడట, మళ్లీ రాలేదు. ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లో అడిగినా రంగం వెళ్లినవాడు ఒకడుంటాడు.

ఇక రంభ. ముందురోజే ఒక ప్రైవేటు ఏజెంటుతో ఫోన్‌లో మాట్లాడాను. "సెయిల్ బోటే కదా? గాలితో నడిచేదే కదా?" అని రెండుసార్లు అడిగాను. "అదే సార్, స్పెషల్" అన్నాడు. రేటు 2,600, అందులో అడ్వాన్సు 1,000 ఫోన్‌పేలో పంపాను. గోపాలపూర్ నుంచి రానూపోనూ కారు 1,900.

రేవులో దిగి చూస్తే డీజిల్ ఇంజిన్ బోటు. మధ్యలో ఒక వెదురు, దానికి చుట్టి నైలాన్ తాడుతో బిగించిన నీలం టార్పాలిన్. దగ్గరకెళ్లి చూశాను. తెరచాప కొయ్య అంటే అడుగున గుంటలో కూర్చోవాలి, పక్కల నుంచి తాళ్లు పట్టి ఉంచాలి. ఇక్కడ వెదురుని బల్లకి రెండు మేకులతో కొట్టారు, అంతే. టార్పాలిన్ మూలకి పట్టుకోవడానికి తాడే లేదు. ఆ ముడి ఎన్నాళ్ల నుంచి ఉందో, ఎండకి రాయిలా గట్టిపడింది. బోటు నడిపే కుర్రాణ్ని మా బావమరిది ఒడియాలో అడిగితే, "ఫొటోల కోసం కట్టారండీ" అని నిజం చెప్పాడు. పాపం, ట్రిప్పుకి అతనికి వచ్చేది 400. అతని మీద నాకు కోపం లేదు.

ఏజెంటుకి ఫోన్ చేస్తే, ఇంజిన్ లేకుండా పర్మిషన్ లేదన్నాడు. ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చు కదా! అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్నాడు. పైగా లైఫ్ జాకెట్లకి మనిషికి 75 చొప్పున ఇంకో 300 అడిగాడు. పాప అప్పటికే జాకెట్ వేసుకుని ఎదురుచూస్తోంది కాబట్టి ఎక్కాం. మొత్తం 2,900 వదిలాయి. ఇంజిన్ మోతకి పాప చెవులు మూసుకుని కూర్చుంది. పక్షులు మాకంటే ఫర్లాంగు ముందే లేచిపోయాయి. కల్లికోట రాజులు కట్టించిన బంగళా శిథిలాలున్న బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దగ్గర పావుగంట ఆపాడు. తిరిగి వస్తుంటే చేపలు పట్టేవాళ్ల చిన్న నాటు పడవ ఒకటి, అతుకుల తెరచాపతో, చప్పుడు లేకుండా మా పక్క నుంచి జారిపోయింది. పాప లేచి నిలబడి, "నాన్నా, మనం ఎక్కాల్సింది అదే కదా!" అంది. రూముకి వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు.

వెళ్లేవాళ్లు ప్రభుత్వ టూరిజం వాళ్ల కౌంటర్‌లో రేటు చూసుకుని టికెట్ తీసుకోండి. ప్రైవేటు బోటు అయితే కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. ఫోన్‌లో అడ్వాన్సు మాత్రం పంపకండి.

మర్నాడు మా ఆవిడ బరంపురం పట్టుచీరల కొట్లకి వెళ్దామంది. నాలుగో రోజు తీసుకెళ్తానని ఒప్పించి సోనపూర్ వైపు బయల్దేరదీశాను. ఆంధ్రా సరిహద్దుకి దగ్గర్లో, బాహుదా నది సముద్రంలో కలిసేచోటు అది. ఒడ్డునంతా వరసగా ఫైబర్ బోట్లే. సరుగుడు చెట్ల నీడలో మాత్రం ఒక పడవ బోర్లించి ఉంది. దాన్ని చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి.

"ఏ ఊరు బాబూ?" అంటూ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చాడు. విశాఖ అనగానే, "మన తెలుగోలేనా!" అని నా చెయ్యి పట్టుకుని పడవ చుట్టూ తిప్పాడు.

టేపుతో కొలిచాను. 28 అడుగులు. మామిడి పలకలు, అంగుళం పైచిలుకు మందం. మేకన్నది ఎక్కడా లేదు. పలకల అంచుల్లో బెత్తెడుకొక బెజ్జం, కొబ్బరి పీచు తాడుతో అడ్డంగా, ఏటవాలుగా కుట్లు. కుట్టు కింద, పలకలు కలిసేచోట, ఎండుగడ్డి కూరి ఉంది. పడవ నీళ్లలో దిగితే ఆ గడ్డి ఉబ్బి సందు మూసేస్తుంది. లోపల పక్కటెముకల్లా ఉండే ఆకు చెక్కలు లేవు, అడ్డంగా బల్లలే. పెద్దాయన రెండు చేతులూ అంచు మీద ఆనించి ఒక్క నొక్కు నొక్కితే పడవ సన్నగా మూలిగి కాస్త వంగింది, వదలగానే మళ్లీ నిలబడింది. "కెరటం ఎత్తి ఇసక మీద కొడతాది. వొంగకపోతే ఇరిగిపోద్ది" అన్నాడు. కాలేజీలో నాకు ఒక సెమిస్టరంతా పట్టిన పాఠం అది.

నాకు కోలిన్ మ్యూడీ గుర్తొచ్చాడు. ఆయన బ్రిటిష్ యాట్ డిజైనర్. ఇరవై అడుగులైనా లేని చిన్న చెక్క పడవలో స్నేహితుడితో కలిసి 1951-52లో అట్లాంటిక్ దాటాడు. 1958లో భార్య రోజ్‌మేరీతోనూ మరో ఇద్దరితోనూ బెలూన్‌లో అదే సముద్రం దాటబోయి నీళ్లలో దిగాల్సి వస్తే, పడవలా గీసుకున్న బెలూన్ తొట్టికి తెరచాప కట్టి బార్బడోస్ చేరాడు. ఒమన్‌లో ఒక్క మేకు లేకుండా కొబ్బరి తాళ్లతో కుట్టిన సోహార్ ఓడకి డిజైన్ ఆయనదే. అది 1980 నవంబరులో బయల్దేరి 1981 జులైకి చైనాలోని కాంటన్ చేరింది. మన నేవీ తెరచాప శిక్షణ ఓడ తరంగిణి కూడా ఆయన గీసిందే. 2025లో మన నేవీలో చేరిన కౌండిన్య అనే ఓడ కూడా కుట్టు ఓడే. సోహార్‌ని కుట్టిన ఆ విద్యే మనవాళ్ల ఒడ్డున ఇలా బోర్లించి ఉంది.

మ్యూడీ కథ చెబితే పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. "ఆ దొర కూడా కొబ్బరి తాడేనా?" అని అడిగి, అవునంటే తృప్తిగా తలూపాడు. ఆయనకి ఇలాంటివి మూడుండేవట. 2013 ఫైలిన్ తుఫానులో రెండు పోయాయి. తర్వాత కొడుకులు ఫైబర్ కొన్నారు. ఇది పెద్దవల వేసేటప్పుడు మాత్రం దిగుతుంది. కుట్టేవాళ్లు ఊళ్లో ఇద్దరే మిగిలారు.

మధ్యాహ్నం దాటిపోతోందని, వద్దన్నా వినకుండా ఇంటికి తీసుకెళ్లారు. కోడలు వేడన్నం, కానగంతల పులుసు పెట్టింది. చింతపండు చిక్కగా, మెంతి వాసనతో, అచ్చం మా అమ్మమ్మ చేతి పులుసులా ఉంది. పొద్దుటి నుంచి ముభావంగా ఉన్న మా ఆవిడ మారు వడ్డించుకుంది. గోపాలపూర్‌లో 420 పెట్టి తిన్న చేప వేపుడు దీని ముందు ఎందుకూ పనికిరాదు. డబ్బులిస్తే తీసుకోలేదు. చివరికి మనవడి చేతిలో బలవంతంగా 200 పెట్టాం.

నాలుగో రోజు పట్టుచీర 6,400. మా ఆవిడకి నచ్చింది, అది చాలు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, మనుషులు ఖాళీగా ఉంటారు. అప్పుడే ఈ పడవ పాత కుట్టు కోసేసి మళ్లీ కుడతామని, వస్తే మొదటి పలక నుంచి చూడొచ్చని పెద్దాయన అన్నాడు. ఏప్రిల్ 20కి మొన్ననే టికెట్లు తీశాను. పాప తనకీ ఒకటి తీయమంది.