కరెంటు పని అయ్యాక పెరిగిన ఐడిలింగ్: నా 150 సీసీ బండి, 82 వేల కిలోమీటర్లు

2014లో కొన్న కార్బ్యురేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజనుకు పంపే భాగం) బండి నాది. హనుమకొండలో ఉంటాను, వారానికి రెండుసార్లు జనగామ వెళ్ళి రావాలి. మీటరు 82 వేలు దాటినా ఇంజను ఇంతవరకు విప్పలేదు. చైను సెట్లు, క్లచ్ ప్లేట్లు, బ్యాటరీలు మాత్రం మార్చాను. ఈ బండి మీద నాకు చాలా ఇష్టం, అందుకే పోయినేడాది నన్ను వారం రోజులు టెన్షన్ పెట్టిన సంగతి వివరంగా రాస్తున్నాను.

ఒక రాత్రి స్టేషన్ ఘన్‌పూర్ దాటాక హెడ్‌లైట్ మసకబారింది. మర్నాడు సెల్ఫ్ తీసుకోలేదు. చూస్తే బ్యాటరీకి వెళ్ళే ఛార్జింగ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) కాలి కరిగిపోయి ఉంది. మెకానిక్ ట్యాంకు దించి, కాలిన వైర్లు కోసి అతికి, కొత్త రెగ్యులేటర్ వేశాడు. రేస్ ఇచ్చి చూస్తే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. ఛార్జింగ్ పని నిజంగా బాగా చేశాడు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా బ్యాటరీ దిగలేదు.

కానీ ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు, 1400 మీద నిలబడాల్సిన ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) ఆ రోజు నుంచి 2500కి తగ్గలేదు. కాజీపేటలో సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఉన్నా బండి అరుస్తూనే ఉంది. అందరూ చెప్పేదే నేనూ చేశాను, ఐడిలింగ్ పెంచి తగ్గించే ఐడిల్ స్క్రూ తిప్పాను. రెండున్నర చుట్లు వదులు చేసినా ఆర్‌పీఎం మీటరు ముల్లు కదల్లేదు.

అసలు గుట్టు అక్కడే దొరికింది. స్క్రూ వదులు చేసినా రేస్ తగ్గలేదంటే ఇంజనుకు వెళ్ళే గాలిని తెరిచి మూసే థ్రాటిల్ వాల్వ్ ఆ స్క్రూ మీద ఆనుకుని లేదన్నమాట. దాన్ని యాక్సిలరేటర్ కేబుల్ అయినా లాగి పట్టుకుని ఉండాలి, లేదా ఇంజను ఇంకో దారిన గాలి పీలుస్తూ ఉండాలి. ముందు గాలి సంగతి చూశాను. ఇంజను నడుస్తుండగా కార్బ్యురేటర్‌కీ ఇంజనుకీ మధ్య ఉన్న రబ్బరు చుట్టూ నీళ్ళు స్ప్రే చేశాను. శబ్దంలో తేడా లేదు. తర్వాత బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి హ్యాండిల్ మెల్లగా ఎడమకు తిప్పాను. ముల్లు 3000 దాటింది. కుడికి తిప్పితే దిగింది. ఇక అనుమానం లేదు, కేబులే. యూటర్న్ తీసుకుంటుంటే బండి దానంతటదే ముందుకు ఉరికితే ఏమవుతుందో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

ఆదివారం ట్యాంకు నేనే దించాను. అతికిన వైర్ల మీద నల్ల టేపు బొటనవేలంత లావున చుట్టి ఉంది. ఆ లావు కట్ట కిందికి యాక్సిలరేటర్ కేబుల్ వెళ్ళి, హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేముకు అదిమినట్టు ఇరుక్కుంది. పై తొడుగు అక్కడ చిన్నగా మడత పడింది. కొత్త కేబుల్ తెచ్చి, వైరింగ్ పనికి ముందున్న దారిలోనే క్లిప్పు గుండా పోనిచ్చాను. గ్రిప్‌లో మూడు మిల్లీమీటర్ల ఆట (కేబుల్ లాగకముందు గ్రిప్ ఖాళీగా తిరిగేంత వదులు) వచ్చింది. స్టార్ట్ చేయగానే ఆగిపోయింది. స్క్రూ వదులు చేసి ఉంది కదా, ఆగడమే మంచి గుర్తు! ఆ రెండున్నర చుట్లు వెనక్కి బిగించి, ఇంజను వేడెక్కాక చూస్తే సరిగ్గా 1400.

వైరింగ్ పని చేయించుకున్నవాళ్ళు బండి ఇంటికి తీసుకెళ్ళే ముందు న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, రేస్ పెరుగుతుందేమో చూసుకోండి, అర నిమిషం పని. కార్బ్యురేటర్ లేని ఇంజెక్షన్ బండ్ల సంగతి కొంచెం వేరు. కొన్ని మోడళ్ళలో బ్యాటరీ తీసి పెట్టాక ఐడిలింగ్ సర్దుకోవడానికి కాస్త సమయం పడుతుంది. మా బామ్మర్ది బండి రెండు రోజుల్లో అదే సర్దుకుంది. కేబుల్ పరీక్ష మాత్రం వాటికీ పనికొస్తుంది.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఆ వారంలో 42కి పడిపోయిన మైలేజీ మళ్ళీ 47 వచ్చింది. మొన్న చలికి కూడా చోక్ వేసి స్టార్ట్ చేస్తే రెండు నిమిషాల్లో కుదుటపడింది.