గుంటూరు నుంచి నాగార్జునకొండ ఒక రోజు ట్రిప్: గైడ్ కోసమైనా వెళ్ళాలి

పోయిన ఆదివారం వెళ్ళాం, కారు, గైడ్ కలిపి ఒకే ప్యాకేజీ. డ్రైవర్ లేటుగా రావడంతో విజయపురి సౌత్‌లో లాంచీ తప్పిపోయింది, తర్వాతి దాని కోసం పిల్లలతో ఎండలో పడిగాపులు. అక్కడే ఒక స్టార్ కట్.

గైడ్ మాత్రం బంగారం. అందరూ మ్యూజియంలోకి వెళ్ళిపోతుంటే, ఆయన మమ్మల్ని బయట తిరిగి కట్టిన రాక్షసగుడి, అంటే ప్రాచీన కాలపు పెద్ద బండల సమాధి, దగ్గర ఆపి, "ఇది ఇక్కడిది కాదండీ, కింద లోయలోది" అన్నారు. సాగర్ నీళ్ళు ముంచెత్తకముందు, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, దక్కించుకోగలిగినవి కొండపైకి తెచ్చారు. గుండ్రంగా పేర్చిన బండలు, ఒకదాని మీద ఎండిన నాచు, చెయ్యి పెడితే చురుక్కుమంది. ఇప్పుడు అక్కడ నిలబడితే చుట్టూ నీళ్ళే. ఆ రోజుల్లో లోయలో నడిచేవాళ్ళకి ఆ సమాధి ఎంత దూరం నుంచి కనపడేదో, దాని పక్కన నిలబడితే ఏ కొండ ఎదురయ్యేదో, మనవాళ్ళని ఇక్కడే పెట్టాలని వాళ్ళకి ఎందుకనిపించిందో ఈ కొండ మీద నుంచి తెలిసే దారి లేదు, నాకు నిజంగా గుండె పట్టేసింది.

ప్యాకేజీ వాళ్ళు పాత లోయ మ్యాప్ ఒకటి చేతికిస్తే ఎంతో బాగుంటుంది. వెళ్ళేవాళ్ళు డ్రైవర్‌ని తెల్లారకముందే రమ్మనండి.