మాంటిచెల్లో: పగటి టికెట్టా, సాయంత్రం టూరా?

ఎండాకాలం వచ్చిందంటే నెల్లూరులో మా వీధి నుంచే ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గరికి అమెరికా బయల్దేరతారు. వర్జీనియా వెళ్ళేవాళ్ళు నన్ను అడిగేది ఒకటే: అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోకి పగలు వెళ్ళాలా, జనం వెళ్ళిపోయాక కొద్దిమందినే తీసుకెళ్ళే సాయంత్రం టూర్‌కి వెళ్ళాలా? రెండు ట్రిప్పుల్లో రెండూ చూశాను.

సాయంత్రం టూర్‌లో ఉన్న సుఖం తీరిక. పగలైతే వెనక ఇంకో బ్యాచ్ వచ్చేస్తుంటుంది. ఆ రోజు హాల్లో గడియారం దగ్గర కావలసినంతసేపు నిలబడ్డాను. ఫిరంగి గుండ్లలాంటి బరువులు తాళ్ళకు వేలాడుతుంటాయి. అవి దిగేకొద్దీ గోడ మీది వారాల పేర్లు ఒక్కొక్కటే దాటిపోతాయి. వారం మొత్తానికి గోడ చాలక నేలకు కన్నం పెట్టారు. శనివారం చూడాలంటే సెల్లార్‌లోకి దిగాల్సిందే! మమ్మల్ని మేడ మీద డోమ్ గదికీ తీసుకెళ్ళారు. కానీ మెట్లు రెండడుగుల వెడల్పు, నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కిందే కూర్చుండిపోయింది.

అయినా నా ఓటు పగటికే. కారణం మల్బరీ రో. ఇంటికి కూతవేటు దూరంలో బానిసలు పనిచేసిన, బతికిన వీధి అది. "మనుషులంతా సమానంగా పుట్టారు" అని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన మనిషి తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. 1794లో అక్కడ మేకుల కొలిమి పెట్టి పది నుంచి పదహారేళ్ళ మగపిల్లలతో పని చేయించాడు. ఇప్పుడు అక్కడ తిరిగి కట్టిన ఒంటిగది కర్రల ఇల్లు ఒకటుంది. జెఫర్సన్ మనవళ్ళను పెంచిన ప్రిసిల్లా అనే బానిస, ఆమె భర్త ఉన్న ఇంటికి నమూనా. మట్టి నేల. మొదటి ట్రిప్పులో అమ్మ ఆ గడప దగ్గర వంగి నేల తడిమి, "పొద్దంతా ఆ మేడలో పిల్లల్ని ఎత్తుకుని, రాత్రికి ఇక్కడా పడుకునేది?" అంది. సాయంత్రం వెళ్ళినప్పుడు ఆ వీధికి వచ్చేసరికి చీకటి పడింది. దివాణం చూసి, పాలేళ్ళ పాకలు చూడకుండా వచ్చినట్టయింది నాకు.

పగలే వెళ్తే కూరగాయల తోట, కొండ దిగువన సమాధి కూడా చూడొచ్చు. సమాధి మీద ఏం రాయాలో జెఫర్సనే చెప్పి పోయాడు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మత స్వేచ్ఛ చట్టం రాసినవాడు, వర్జీనియా విశ్వవిద్యాలయం స్థాపించినవాడు అని. అధ్యక్షుడిగా చేసిన మాటే లేదు.

దగ్గర్లోనే ఉన్న, ఐదో అధ్యక్షుడు జేమ్స్ మన్రో ఇల్లు టైముంటే చూడండి. పిల్లలు వాషింగ్టన్ నగరం పక్కనే ఉండి ఒక్క పూటే దొరికితే జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ చాలు.

రెండోసారి వెళ్ళేవాళ్ళు, మెట్లు ఎక్కగలిగినవాళ్ళు సాయంత్రం టూర్ తీసుకోండి. మొదటిసారి పెద్దవాళ్ళతో వెళ్తుంటే పొద్దున టికెట్ తీసుకుని, ఇల్లు చూడగానే బస్సెక్కేయకుండా ముందు మల్బరీ రో వైపు నడవండి.