కొండ వేటకు తేలిక రైఫిల్, 6.5 క్రీడ్‌మోర్: ఏళ్ల వాడకం తర్వాత

కొండ వేటకు రైఫిల్ కొనేవాళ్లు ముందు బరువు చూస్తారు. మంచిదే, కానీ దానికీ ఒక హద్దుంది. నేను వాడుతున్నది 6.5 క్రీడ్‌మోర్ అనే రకం తూటాను కాల్చే రైఫిల్. సింథటిక్ స్టాక్ (భుజానికి ఆనించే, చేత్తో పట్టుకునే చట్రం), సన్నటి స్టెయిన్‌లెస్ బ్యారెల్ (గొట్టం) ఉన్న బోల్ట్ యాక్షన్, అంటే ప్రతి గుండుకూ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఉత్త రైఫిల్ 2.8 కిలోలు, స్కోప్, మౌంట్లు, పట్టీ, తూటాలు కలిస్తే 3.6. ఇంకా బాగా తగ్గిస్తే ఎక్కేటప్పుడు హాయే. పైకి చేరి, రొప్పుతూ, బ్యాగు మీద ఆనించి గురిపెట్టినప్పుడు మాత్రం స్కోప్‌లోని గురి గీతలు (క్రాస్‌హెయిర్) ఓ పట్టాన నిలవవు.

ఈ బరువులో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే ఇంకా బలమైన తూటా వద్దనే అంటాను. దాని తన్ను 6.5 క్రీడ్‌మోర్‌కు దాదాపు రెట్టింపు. భుజం నొప్పిని ఓర్చుకోవచ్చు. ట్రిగ్గర్ పడకముందే కన్ను మూసుకోవడం, చెయ్యి బిగుసుకోవడం అలవాటైతే వదిలించుకోవడం కష్టం. పైగా తూటా ఎక్కడ తగిలిందో స్కోప్‌లో కనబడదు. జంతువు రెండడుగుల్లో బండ చాటుకు పోయే చోట అది చాలా పెద్ద లోటు.

6.5 క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ల (సుమారు 9.3 గ్రాముల) తూటా సెకనుకు 2,700 అడుగుల వేగంతో బయల్దేరి, 500 గజాల దగ్గర కూడా 2,000 దాటే ఉంటుంది. కొండమేక, కొండగొర్రె, జింకలకు ధారాళంగా సరిపోతుంది. ఎల్క్, మూస్ లాంటి భారీ జంతువులకైతే 7 మి.మీ. రెమింగ్టన్ మాగ్నమ్ తూటా రైఫిల్ తీసుకుని, రైఫిల్ బరువు 4 కిలోలకు పెంచుకోండి.

నా హద్దు 300 మీటర్లు. 200 మీటర్ల దగ్గర జీరో చేస్తే (గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్‌ను సర్దితే) 300 దగ్గర తూటా సుమారు 25 సెం.మీ. దిగుతుంది, అది లెక్కకు అందేదే. గాలి అందదు. గంటకు 16 కి.మీ. అడ్డగాలికే 15 సెం.మీ. పక్కకు పోతుంది, లోయకు ఆవలి గట్టున గాలి ఎటు వీస్తోందో మన చెంపకు తెలియదు. వాలు లెక్క మరవద్దు: 30 డిగ్రీల కోణంలో 300 మీటర్లంటే 260 అనుకునే కాల్చాలి. ఎగువకైనా దిగువకైనా ఇదే లెక్క. లేకపోతే తూటా మీదుగా పోతుంది.

ఇక లోపాలు. సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కి, మూడో నాలుగో తూటా నుంచి గురి జరుగుతుంది. జీరో చేసేటప్పుడు ప్రతి గుండుకూ చల్లారనివ్వాలి. వేటలో లెక్కకొచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటానే. స్టాక్ ముందుభాగం మెత్తన, గట్టిగా నొక్కితే బ్యారెల్‌కు ఆనుతుంది. కాగితం ముక్క రెండింటి మధ్య దూర్చి లాగితే అడ్డు లేకుండా రావాలి. రైఫిల్‌ను ఆనించే చోటు మ్యాగజీన్‌కు (తూటాల అరకు) దగ్గరగా ఉంచితే ఈ తంటా తగ్గుతుంది. యాక్షన్ స్క్రూలను (రైఫిల్ లోహభాగాన్ని స్టాక్‌కు బిగించేవి) తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించి, స్క్రూ తల మీదుగా పక్క భాగం దాకా పెయింట్ గీత గీయండి. వదులైతే గీత తప్పుతుంది.

చలికి బోల్ట్‌లో చిక్కటి నూనె గడ్డకట్టి, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ నెమ్మదించి, తూటా పేలదు. బోల్ట్ విప్పి పొడిగా తుడవాలి. మంచు దూరకుండా బ్యారెల్ మూతికి ఒక పొర ఎలక్ట్రికల్ టేప్ చాలు, తీయకుండానే కాల్చవచ్చు. రాత్రి రైఫిల్‌ను వెచ్చటి గదిలోకి తేకండి, చెమ్మ పట్టి తెల్లారి బయట గడ్డకడుతుంది.