జెబ్కో గ్రిడ్: లోతుల పటం కంటే దాని పక్కనున్న ఫైలే ముఖ్యం

సముద్రపు అడుగు ఎంత లోతున ఉందో చెప్పే ప్రపంచ పటాలలో, ఎవరైనా ఉచితంగా దించుకోగలిగిన వాటిలో, నేను ముందుగా సిఫారసు చేసేది సముద్రపు లోతుల పటాలు రూపొందించే అంతర్జాతీయ బృందమైన జెబ్కో గ్రిడ్‌నే. మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ చొరవతో 1903లో మొదలైన ఈ పటాల పరంపర ఇప్పుడు డిజిటల్ రూపంలో ఏటా కొత్త కూర్పుగా వెలువడుతోంది. 15 ఆర్క్ సెకన్ల గడులతో, అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 460 మీటర్లకు ఒకటి చొప్పున, ప్రపంచమంతటికీ విలువలు ఉంటాయి. పూర్తి ఫైలు ఏడు జీబీలకు పైగా ఉంటుంది కనుక, అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి కావలసిన ముక్కను మాత్రమే తీసుకోవడం మేలు; విశాఖపట్నం నుంచి అండమాన్ దాకా ఉన్న భాగం, పటాలు చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో సులువుగానే తెరుచుకుంటుంది.

అయితే ఆ నీలిరంగు ఛాయలు చూసి అంతా కొలిచినదేనని అనుకోరాదు. జపాన్‌కు చెందిన నిప్పన్ ఫౌండేషన్‌తో కలిసి జెబ్కో 2017లో 2030 నాటికి సముద్రపు అడుగంతటినీ కొలవాలనే సీబెడ్ 2030 పథకాన్ని ప్రారంభించినప్పుడు నిజంగా కొలిచిన భాగం 6 శాతమే. 2024 నాటికి అది సుమారు 26 శాతానికి చేరింది. మిగిలినదానిలో చాలా భాగం ఉపగ్రహాలు అందించిన గురుత్వ సమాచారం నుంచి కట్టిన అంచనా; అడుగున కొండలున్నచోట గురుత్వం కొద్దిగా మారుతుంది. ఏ గడి ఏ రకమో చెప్పే టీఐడీ అనే జోడు ఫైలును కూడా ఇవ్వడమే ఈ ఉత్పత్తిలోని అసలు గొప్పతనం. అందులో 11 అని ఉంటే మల్టీబీమ్ సోనార్‌తో (ఓడ నుంచి ఒకేసారి విసనకర్రలా అనేక ధ్వని కిరణాలు పంపి) కొలిచినది, 40 అని ఉంటే గురుత్వాన్ని బట్టి ఊహించినది.

మన బంగాళాఖాతానికి ఈ తేడా ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన ఒండ్రు కింద 85 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి సాగే సముద్రగర్భ శిఖరశ్రేణి ఉత్తరాన పూర్తిగా పూడిపోయింది. గురుత్వంలో దాని జాడ కనిపిస్తుంది గానీ, పైనున్న అడుగు దాదాపు చదునుగానే ఉంటుంది. ఆ ఒండ్రు మీద మెలికలు తిరిగే సన్నని కాలువలను గురుత్వం పట్టుకోలేదు. వాటిని చూపగలిగేది ఓడ పంపే ధ్వనే. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక 3,000 మీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఉష్ణోగ్రత, లవణీయత, పీడనాలను బట్టి ఆ వేగం మారుతుంది. అందువల్ల సర్వే చేసేవారు పరికరాన్ని నీటిలోకి దింపి లోతువారీగా ధ్వని వేగాన్ని కొలవక తప్పదు. లేకపోతే అంచులలోని కిరణాలు వంగి, చదునైన నేల కూడా వంపు తిరిగినట్టు నమోదవుతుంది.

నౌకాయానానికి దీనిని వాడరాదని ప్రచురణకర్తలే స్పష్టం చేశారు. తీరానికి దగ్గరగా పనిచేసేవారు నౌకాదళ హైడ్రోగ్రఫీ శాఖ చార్టులనే ఆశ్రయించాలి. సునామీ నమూనాలు, పాఠాలు, పరిశోధనకు తొలి పరిశీలన వంటి వాటికి మాత్రం ఇది బాగా సరిపోతుంది.

నా దృష్టిలో పెద్ద లోటు మరొకటి. ప్రతిధ్వని ఎంత బలంగా తిరిగి వచ్చిందన్నదాన్ని బట్టి అడుగున బురద ఉందా, ఇసుక ఉందా, రాయి ఉందా అని అంచనా వేయవచ్చు. జెబ్కోలో లోతు మాత్రమే మిగులుతుంది, ఆ బలం వివరాలు ఉండవు. అవి కావలసినవారు అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా భద్రపరుస్తున్న అసలు మల్టీబీమ్ సర్వే ఫైళ్లను దించుకుని, తగిన సాఫ్ట్‌వేర్‌తో తామే శుద్ధి చేసుకోవలసి ఉంటుంది. ఆ ఫైళ్లకు కూడా రుసుమేమీ లేదు.