ఊరి చరిత్ర: పుస్తకం వేయాలా, గొంతులు రికార్డు చేయాలా, కథ ఆడించాలా?

ఊళ్లో నలుగురు పూనుకుని కాస్త చందా పోగయిందంటే అందరి నోటా ముందు వచ్చే మాట "మన ఊరి చరిత్ర పుస్తకం వేద్దాం" అనే. మంచి ఆలోచనే. కానీ డబ్బు, ఓపిక ఒక్క పనికే సరిపోయేటప్పుడు ఆ ఒక్క పని పుస్తకం కాకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను.

పుస్తకం బలం ముందు ఒప్పుకోవాలి. కాగితం నిలుస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో, ఊరి లెక్కలు రాసే కరణాల దగ్గరున్న దండకవిలెలు (పాత ఊరి రికార్డులు), పెద్దలు చెప్పిన సంగతులు ఊరూరా సేకరింపజేశాడు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. మెకంజీ 1821లోనే పోయాడు, కైఫీయత్తులు అనే ఆ ఊరి వృత్తాంతాలు మాత్రం ఉన్నాయి, వాటి వల్లే ఇవాళ ఎన్నో ఊళ్లకు తమ గుడి గురించి, చెరువు గురించి పాత కబురు దొరుకుతోంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఊరి కాగితాలు తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండే పద్ధతీ పోయింది కాబట్టి ఎవరో ఒకరు రాసిపెట్టాల్సిందే.

చిక్కు ఎక్కడంటే, పుస్తకంలో చివరికి ఒక్క మాటే నిలుస్తుంది. ఊరు ఎవరు కట్టారని అడిగితే ఒక వాడలో ఒక ఇంటిపేరు చెబుతారు, ఇంకో వాడలో బొడ్రాయి వేసింది మా ముత్తాతే అంటారు. రాసేవాళ్లు సాధారణంగా చదువుకున్న ఇళ్లవాళ్లు, ముందు పేజీల్లో చందా ఎక్కువిచ్చిన వాళ్ల తాతల ఫొటోలు, మాదిగవాడ చరిత్ర మాత్రం వెనక ఎక్కడో రెండు పేరాలు! ఇది చూసి నాకు నిజంగా బాధేస్తుంది. పైగా పాట అచ్చులోకి వస్తే మాటలే వస్తాయి. బిరుదురాజు రామరాజు గారు 1950ల్లో జానపద గేయాల మీద చేసిన కృషి వల్ల మనకు దక్కిన మాటలు చాలా విలువైనవి, కానీ పేజీ చూసి ఆ వరసలో పాడమంటే ఎవరు పాడగలరు?

రికార్డింగ్‌లో ఆ వరస ఉంటుంది, యాస ఉంటుంది, మూడు వాడల మూడు కథలూ పక్కపక్కనే ఉంటాయి, ఏది నిజమో తర్వాత తేల్చుకోవచ్చు. ఖర్చు కూడా తక్కువ: మామూలు ఫోన్, కాలర్‌కి పెట్టుకునే చిన్న మైకు, ఫ్యాన్ ఆపేసిన గది. మొదట్లోనే పేరు, ఊరు, తేదీ గొంతుతో చెప్పించండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. ఆ చేనుకి ఆ పేరెందుకు వచ్చింది, చెరువు తెగినప్పుడు ఎవరెక్కడున్నారు అని అడగండి, మాటలు వాటంతటవే వస్తాయి. దీని బలహీనత భద్రపరచడంలో ఉంది. నేను మా అమ్మమ్మ నాట్ల పాటలు ఫోన్లో తీసుకుని అంతటితో ఊరుకున్నాను, ఫోన్ పాడయింది, వాట్సాప్‌లో చెల్లెలికి పంపిన రెండు ముక్కలే మిగిలాయి. మూడు చోట్ల దాచండి, ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట, పాడినవాళ్ల అనుమతితో.

ఇక మూడోది, కథ ఆడించడం. దీనికి ఖర్చు ఎక్కువ, రాత్రంతా కూర్చునేవాళ్లు తక్కువ, అందుకే చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. కానీ మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు అడిగేవాళ్లు లేకపోతే కథ చెప్పడం మానేస్తారు, వాళ్లు మానేస్తే పుస్తకమూ వీడియోనూ ఆ విద్యను బతికించలేవు. తెలంగాణలోని చేర్యాలలో కథల బొమ్మలు వరసగా వేసే నకాషీ పటాలే చూడండి. అవి కథ చెప్పేవాళ్లు విప్పి చూపించడానికి వేసినవి. ఇవాళ భౌగోళిక గుర్తింపు వచ్చింది, గోడలకు తగిలించుకునే బొమ్మలుగా, మాస్కులుగా అమ్ముడవుతున్నాయి, అది ఆ కళాకారులకు మంచిదే, కానీ ఆ పటం ముందు నిలబడి కథ చెప్పే గొంతులు తగ్గిపోయాయి. ఉత్సవాల స్టేజీ మీద పావుగంట ఆడిస్తే దరువు తెలుస్తుంది తప్ప కథ తెలియదు.

నా తీర్పు ఇది. మీ ఊరికి కథ చెప్పే బృందం ఇంకా వస్తుంటే, ఉన్న డబ్బంతా పెట్టి పూర్తి కథ పెట్టించండి, వాళ్లు ఎవరి కోసం చెబుతారో ఆ వాడలోనే, తెల్లవార్లూ, అక్కడే మొత్తం రికార్డు చేయండి. ఒకే ఖర్చుతో రెండు పనులవుతాయి. బృందం లేకపోతే అందరికన్నా పెద్ద వయసు మనిషితో రికార్డింగ్ మొదలుపెట్టండి. ఎందుకంటే పెద్దవాళ్లు మన కోసం ఆగరు: డోలు కొడుతూ కోయ వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. పుస్తకం మూడేళ్లు ఆగగలదు, ఈ రికార్డుల నుంచే రాసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఆగదు: రోడ్డు వెడల్పు పనులు మొదలవుతుంటే వీరగల్లులకు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లకు), శాసనాలకు ముందు ఫొటోలు తీయండి, పక్క వెలుతురులో, ఎవరూ రంగు పూయకముందే.

కథ రికార్డు చేశాక మొదటి కాపీ ఆ బృందానికే ఇవ్వండి, వాళ్ల పిల్లలు ఎప్పుడైనా నేర్చుకోవాలనుకుంటే చేతిలో ఉంటుంది.