ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల ఫ్లేర్లు కొలవాలంటే ఏది మేలు? సీమాస్, సీసీడీ, టెస్ డేటా

దేవరకొండ, డిండి వైపు డాబా మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టుకున్నవాళ్లకు వచ్చే సందేహమే ఇది. ఎర్ర మరుగుజ్జులంటే సూర్యుడికంటే చిన్నవి, చల్లనివి అయిన నక్షత్రాలు. వాటి మీద ఉన్నట్టుండి లేచే మెరుపులను, అంటే ఫ్లేర్లను, కొలవాలంటే సెకనుకు పది ఫ్రేములు (ఫోటోలు) తీసే సీమాస్ కెమెరా కొనాలా? చేతిలో ఉన్న పాత రకం సీసీడీ కెమెరాతో అరనిమిషం ఎక్స్‌పోజర్లు (ఒక్కో ఫోటోకు కాంతి పట్టే సమయం) చాలా? లేక రూపాయి ఖర్చు లేకుండా నాసా వారి టెస్ ఉపగ్రహం డేటా దింపుకుంటే సరిపోతుందా? నా ఓటు సీమాస్‌కే. కాకపోతే దాన్ని పది ఫ్రేముల వేగంతో మాత్రం నడపొద్దు.

ఈ నక్షత్రాల మీద మెలిపడిన అయస్కాంత క్షేత్ర రేఖలు తెగి మళ్లీ కలిసినప్పుడు బయటపడే శక్తే ఫ్లేర్. వెలుగు సెకన్లలో ఎక్కుతుంది, దిగడానికి మాత్రం నిమిషాలు, ఒక్కోసారి గంటలు తీసుకుంటుంది. 1952లో యూవీ సెటి అనే నక్షత్రం 20 సెకన్లలోనే 75 రెట్లు వెలిగింది. అలాంటిది 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో పడితే వెలుగు ఎక్కడమంతా గ్రాఫులో ఒక్క చుక్కే. ఫ్లేర్ వచ్చిందని తెలుస్తుంది గానీ ఎలా వచ్చిందో తెలియదు, శిఖరం కూడా ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. పైగా పాత సీసీడీ ఒక్కో ఫ్రేమును చదవడానికే కొన్ని సెకన్లు తింటుంది. రోజుల తరబడి నిదానంగా మారే చర నక్షత్రాలకైతే అది బంగారం లాంటి పరికరం. ఈ పనికి కాదు.

అలాగని వేగం పెంచుకుంటూ పోతే లాభమా అంటే, అదీ లేదు. ఎక్స్‌పోజర్ పదో వంతుకు తగ్గిస్తే వచ్చే కాంతీ పదో వంతే. కొలతలో చెదురు సుమారు మూడు రెట్లు పెరుగుతుంది. మన గాలిలో నక్షత్రం మిణుకుమనడం దీనికి అదనం. చిన్న అద్దానికి ఆ మిణుకు ఇంకా ఎక్కువ. డిస్కు సంగతీ చూడాలి. 20 లక్షల పిక్సెళ్ల 16 బిట్ ఫ్రేము ఒక్కటి 4 ఎంబీ. సెకనుకు పది తీస్తే గంటకు 144 జీబీ, రెండు సెకన్లకు ఒకటి తీస్తే 7 జీబీ చిల్లర. ఫ్రేమును కత్తిరించుకోవచ్చు గానీ పక్కన పోల్చుకునే నక్షత్రం కూడా అందులో ఉండాలి కదా. అందుకే ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు ఫ్రేముకు రెండు నుంచి ఐదు సెకన్లు నా లెక్కలో సరైన వేగం.

డబ్బు పెట్టాల్సింది వేగం మీద కాదు, నీలం ఫిల్టర్ మీద. నక్షత్రం ఉపరితలం 3000 కెల్విన్ల చుట్టుపక్కల ఉంటే, ఫ్లేర్ వెలుగు 9000, 10000 కెల్విన్ల వేడి వస్తువు నుంచి వచ్చినట్టు ఉంటుంది. నీలంలో నక్షత్రం సొంత వెలుగు తక్కువ కాబట్టి ఫ్లేర్ ఎగిరి కనిపిస్తుంది. అదే ఫ్లేర్ ఎరుపులో చూస్తే చిన్న బొడిపె. అతినీలలోహితంలో ఇంకా బాగుంటుంది గానీ, టెలిస్కోపు ముందున్న గాజు పలకే అందులో చాలా భాగాన్ని మింగేస్తుంది. సెన్సర్ కూడా అక్కడ బలహీనమే.

టెస్ వెనకబడేది సరిగ్గా ఇక్కడే. అది చూసేది 600 నుంచి 1000 నానోమీటర్ల మధ్య, అంటే ఎరుపు, దాని ఆవల. 2020 నుంచి ఎంపిక చేసిన నక్షత్రాలకు 20 సెకన్లకో కొలత ఇస్తోంది. మబ్బుల్లేవు, పగలు లేదు, ఒక్కో ఆకాశ భాగాన్ని సుమారు 27 రోజులు వదలకుండా చూస్తుంది. విచిత్రమేమిటంటే దాని ఒక్కో కెమెరా కన్ను 10.5 సెంటీమీటర్లే, మన డాబా మీద ఉన్నదాంట్లో సగం! నెలలో ఎన్ని ఫ్లేర్లు వస్తాయో లెక్కపెట్టాలంటే టెస్‌ను మించింది లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో చేతులు కట్టుకుని కూర్చునే బదులు ఆ డేటాతో పని నేర్చుకోవచ్చు. ఒక ఫ్లేర్ వెలుగు ఎక్కే తీరును నీలంలో దగ్గరగా చూడాలంటే మాత్రం మన కెమెరానే దిక్కు.

ఇబ్రహీంపట్నం అవతల జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వారి 48 అంగుళాల టెలిస్కోపు కాలంలో ఈ పనికి ఫోటోమల్టిప్లయర్ ట్యూబులు (ఫోటో తీయకుండా, పడిన కాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చి కొలిచే గొట్టాలు) వాడేవారు. వేగంలో వాటికి వంక పెట్టలేం. కానీ సాధారణంగా ఒకసారి ఒక్క నక్షత్రమే. పల్చటి మబ్బు దాటితే అది మబ్బో నక్షత్రమో తేల్చుకోవడం కష్టం. కెమెరాలో పక్క నక్షత్రమూ తగ్గితే మబ్బని వెంటనే తెలుస్తుంది. వరి కోతలప్పుడు లేచే దుమ్ము, కొయ్యకాళ్ల పొగ ఉన్న మన దగ్గర ఇది చిన్న సౌకర్యం కాదు. ఒకే ఒక్క ఫ్రేములో ఎగిరి మరుసటి దాంట్లో మామూలైతే ఫ్లేర్ అనుకోకండి. శంషాబాద్ వైపు దిగే విమానమో, ఉపగ్రహమో, కాస్మిక్ కిరణమో అయ్యుంటుంది. అసలైనది వరుసగా కొన్ని ఫ్రేముల్లో తోక ఈడ్చుకుంటూ దిగుతుంది. ల్యాప్‌టాప్ గడియారాన్ని ఇంటర్నెట్‌తో సరిచూసుకోవడమూ మరవొద్దు.

ఇక ఏ నక్షత్రం? అందరూ ముందు చెప్పేది ఏడీ లియోనిస్. ఫిబ్రవరి, మార్చిలో నల్లగొండకు దాదాపు నడినెత్తిన వస్తుంది, ప్రకాశం 9.4 (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక). కానీ సింహరాశిలోని అల్జీబా అనే ప్రకాశవంతమైన నక్షత్రం దానికి 5 ఆర్క్ నిమిషాల (డిగ్రీలో పన్నెండో వంతు) దూరంలోనే ఉంది. వెతుక్కోవడానికి ఆ గుర్తు బాగానే ఉంటుంది గానీ, దాని మెరుపు ఫ్రేములోకి కారి కొలత పాడుచేస్తుంది. వానలు వెనక్కి పోయాక అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో ఈవీ లాసెర్టేతో మొదలుపెట్టడం మేలు. ప్రకాశం 10.3 దగ్గర, ఉత్తరాన 60 డిగ్రీలకు పైనే ఎక్కుతుంది. జనవరికి వైజెడ్ కానిస్ మైనోరిస్ ఉంది, మరికాస్త మసక. దానికి ఎక్స్‌పోజర్ ఐదు సెకన్లకు పెంచుకోండి.